‘వరకు’ వెనుక దాగిన క్రియ: గృహ అంతర్జాల ధరపట్టికల భాష, భారం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇంటికి తీగ ద్వారా వచ్చే అంతర్జాల సేవను కంపెనీలు వేగాన్ని బట్టి అంచెలుగా విభజించి అమ్ముతున్నాయి. ఆ అంచెలను ప్రకటించే ధరపట్టికను ఒక పాఠంగా స్వీకరించి, అందులోని మాటలూ అంకెలూ ఏమి చెబుతున్నాయో, ఏమి చెప్పకుండా వదిలేస్తున్నాయో ఈ వ్యాసం చర్చిస్తుంది. చర్చ వేగం చుట్టూ తిరిగినంతకాలం ‘భరించగలిగే ధర’ అన్న ప్రశ్న మరుగున పడుతుందనీ, ఆ ప్రశ్నను పట్టికలోని అట్టడుగు అంచె నుంచి, డబ్బు కట్టవలసిన కుటుంబం వైపు నుంచి అడగాలనీ ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: గృహ అంతర్జాలం, ధరపట్టిక, వేగశ్రేణి, భరించగలిగే ధర, ప్రకటనల భాష, ఫైబర్‌నెట్, ట్రాయ్.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో విమర్శ ప్రధానంగా కావ్యం, నవల, కథ, నాటకం చుట్టూ పెరిగింది. పత్రికల భాష మీద, ప్రకటనల భాష మీద కూడా చెప్పుకోదగిన పరిశోధన జరిగింది. కాని ధరపట్టికను ఒక రచనగా చదివే అలవాటు మనకు ఇంకా ఏర్పడలేదు. ప్రకటనలో నినాదం ఉంటుంది, బొమ్మ ఉంటుంది, ఒప్పించే ప్రయత్నం పైకే కనిపిస్తుంది. కాబట్టి చదివేవారు కొంత జాగ్రత్తగానే ఉంటారు. ధరపట్టికలో ఉండేవి గళ్లూ అంకెలూ మాత్రమే. అది తూకం రాయి లాంటిదని, దానికి పక్షపాతం ఉండదని అనుకుంటాం. నిజానికి ఏ అంకెను పెద్ద అక్షరాలలో వేయాలో, దేనిని నక్షత్రం గుర్తు పెట్టి అడుగున చిన్న అక్షరాలలోకి దింపాలో ఎవరో ఒకరు నిర్ణయించే ఉంటారు. ఆ నిర్ణయాలున్న చోట విమర్శకు పని ఉంటుంది.

ఈ పట్టికను చదవవలసిన అవసరం విద్యారంగానికి ప్రత్యేకంగా ఉంది. 2020 మార్చి తరువాత తరగతి గది కొన్ని నెలల పాటు పూర్తిగా అంతర్జాలంలోకి మారింది. ఆ పరిస్థితి పోయినా దాని జాడలు మిగిలాయి. సిద్ధాంత గ్రంథాలు ‘శోధ్‌గంగ’లో ఉన్నాయి, సదస్సులు తెరమీద జరుగుతున్నాయి, ఈ వ్యాసం వెలువడుతున్న పత్రికను తెరవడానికే అంతర్జాలం కావాలి. పరిశోధక విద్యార్థి ఇంట్లో తీగ ఉందా, లేదా, ఉంటే ఏ అంచెలో ఉంది అన్నది అతని పరిశోధన సాగే తీరును నిర్ణయించే విషయమైపోయింది.

2. నేల ఎక్కడుంది?

ఏ వేగాన్ని ‘బ్రాడ్‌బ్యాండ్’ అనాలన్నది సాంకేతిక విషయంలా కనిపించే విధాన నిర్ణయం. 2004 నాటి భారత బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం కనీసం 256 కేబీపీఎస్ ఉంటే అది బ్రాడ్‌బ్యాండ్. 2013లో ఆ కనీసం 512 కేబీపీఎస్ అయింది. 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్‌కు చేరింది. అంటే 19 సంవత్సరాలలో నిర్వచనం ఎనిమిది రెట్లు పెరిగింది. ఇదే కాలంలో మార్కెట్టులో అమ్మే గరిష్ఠ వేగం ఎంత పెరిగిందో చూడాలంటే దూరం వెళ్లనక్కరలేదు. 2017లోనే హైదరాబాదు నగరంలో ఇళ్లకు 1 జీబీపీఎస్ సేవను ప్రకటించారు. 256 కేబీపీఎస్‌తో పోలిస్తే అది సుమారు నాలుగు వేల రెట్లు. పైకప్పు నాలుగు వేల రెట్లు లేచింది, నేల ఎనిమిది రెట్లు లేచింది.

దీనికి తోడు మరొక వైరుధ్యం ఉంది. 2018 నాటి జాతీయ డిజిటల్ కమ్యూనికేషన్ల విధానం 2022 నాటికి ప్రతి పౌరునికీ 50 ఎంబీపీఎస్ వేగంతో సార్వత్రిక బ్రాడ్‌బ్యాండ్ అందాలని లక్ష్యం ప్రకటించింది. ఆ గడువు దాటిన మరుసటి నెలలోనే వచ్చిన నిర్వచనం 2 ఎంబీపీఎస్ దగ్గర ఆగింది. లక్ష్యానికీ నిర్వచనానికీ మధ్య ఇరవై అయిదు రెట్ల తేడా. లక్ష్యం ఆకాంక్షను చెబుతుంది, నిర్వచనం బాధ్యతను చెబుతుంది అని సమర్థించవచ్చు. ఆ సమర్థనలో నిజమూ ఉంది. కాని చందాదారుడు ఫిర్యాదు చేయవలసి వచ్చినప్పుడు అతని చేతికి అందేది నిర్వచనమే. ఆకాంక్షను చూపించి ఎవరినీ నిలదీయలేడు.

3. లోహాల నిచ్చెన:

2019 సెప్టెంబరు 5న జియో ఫైబర్ సంస్థ గృహ సేవల ధరలను ప్రకటించింది. ఆ పట్టికలో ఆరు అంచెలు. వాటి పేర్లు వరుసగా బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్, ప్లాటినం, టైటానియం. కింది అంచె నెలకు 699 రూపాయలు, పై అంచె 8,499 రూపాయలు. పేర్లను ముందు చూద్దాం. ఆరింటిలో అయిదు లోహసంబంధమైనవి. వజ్రం లోహం కాదు, అయినా వరుసలో చేరింది. బజారులో టైటానియం బంగారం కన్నా ఎంతో చౌక. పట్టికలో మాత్రం అది అన్నింటికన్నా పైన కూర్చుంది. కాబట్టి ఈ పేర్లకు వస్తువుల విలువతో సంబంధం లేదు. అవి చేసే పని వేరు: సేవను కొనేవారిని ఒకరి మీద ఒకరిని నిలబెట్టడం. నీటి కుళాయికి కంచు కనెక్షన్, వెండి కనెక్షన్ అని పేర్లు పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. అంతర్జాలానికి పెట్టినప్పుడు అలా అనిపించకపోవడమే గమనించవలసిన విషయం.

పేర్ల కన్నా అంకెలు మరింత ఆసక్తికరమైనవి. బ్రాంజ్ అంచెలో వేగం 100 ఎంబీపీఎస్, నెలకు డేటా 100 జీబీ (తొలినాళ్లలో ఇచ్చిన అదనపు డేటాను ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు). ఆ పరిమితి దాటితే వేగం 1 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. ఇప్పుడు ఒక చిన్న లెక్క. 100 జీబీ అంటే ఎనిమిది లక్షల మెగాబిట్లు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున అవి దిగడానికి పట్టే సమయం 8,000 సెకన్లు, అంటే 2 గంటల 13 నిమిషాలు. నెల రోజుల చందాలో ప్రకటించిన వేగం నిండుగా నిలిచేది అంతసేపే. పైనున్న టైటానియంలో వేగం 1 జీబీపీఎస్, డేటా 5,000 జీబీ. అక్కడ అదే లెక్క వేస్తే సుమారు 11 గంటల 6 నిమిషాలు. నిజజీవితంలో ఎవరూ గొట్టాన్ని నిండుగా తెరిచి గంటల తరబడి వాడరు కనుక ఈ లెక్క వాడకాన్ని కొలిచేది కాదు. పట్టిక నిజంగా అమ్మినది ఏమిటో తేల్చడానికి మాత్రం పనికొస్తుంది. అమ్మినది వేగం కాదు, పరిమాణం. వేగం దాని మీద అంటించిన పేరుచీటీ. ఒక్కొక్క జీబీకి బ్రాంజ్ చందాదారుడు దాదాపు 7 రూపాయలు కడితే, టైటానియం చందాదారుడు 1 రూపాయి 70 పైసలు కట్టాడు.

సరిగ్గా సంవత్సరానికి, 2020 సెప్టెంబరులో, ఆ పట్టిక మారింది. 399 రూపాయలకు 30 ఎంబీపీఎస్, 699కి 100, 999కి 150, 1,499కి 300, డేటా ‘అపరిమితం’. పోటీ సంస్థ ఎయిర్‌టెల్ 499 రూపాయలకు 40 ఎంబీపీఎస్ నుంచి 3,999 రూపాయలకు 1 జీబీపీఎస్ వరకు అంచెలు పెట్టింది. చందాదారునికి ఇది నిస్సందేహంగా మేలు చేసిన మార్పు. కాని అంచెల తర్కం మారలేదు. ఈసారి ఒక్కొక్క ఎంబీపీఎస్‌కు ధర లెక్కిస్తే జియో కింది అంచెలో 13 రూపాయల 30 పైసలు, 300 ఎంబీపీఎస్ అంచెలో 5 రూపాయలు. ఎయిర్‌టెల్ పట్టికలో కింద సుమారు 12 రూపాయల 50 పైసలు, పైన 4 రూపాయలు. పేదవాడు ఉప్పు, నూనె చిన్న పొట్లాలలో కొని ఎక్కువ ధర చెల్లిస్తాడన్నది పాత సంగతి. తీగలో కూడా అదే జరిగింది.

‘అపరిమితం’ అన్న మాట గురించి ఒక మాట. ఈ సేవలలో సాధారణంగా నెలకు 3,300 జీబీ హద్దు ఉంది. కనుక ఆ మాట అక్షరాలా అబద్ధం. అయితే 30 ఎంబీపీఎస్ చందాదారుడు ఆ హద్దును తాకాలంటే పది రోజుల పాటు రాత్రింబవళ్లు గొట్టం నిండుగా వాడాలి. సామాన్య కుటుంబానికి ఆ హద్దు ఎదురుపడదు. అన్ని అబద్ధాలూ ఒకే బరువువి కావు. విమర్శ తన కోపాన్ని ఇక్కడ ఖర్చు పెట్టనవసరం లేదు. పట్టికలోని అసలు మాట మరొకటి ఉంది.

4. క్రియ లేని వాక్యం:

“100 ఎంబీపీఎస్ వరకు.” తెలుగు ధరపట్టికలలో, గోడప్రకటనలలో, కేబుల్ ఆపరేటర్లు పంచే కరపత్రాలలో ఈ పదబంధం తరచుగా కనిపిస్తుంది. ‘వరకు’ అన్నది హద్దును తెలిపే మాట. దాని తరువాత సమాపక క్రియ వచ్చినప్పుడు ఆ హద్దును చేరినట్టే అర్థం. ‘విజయవాడ వరకు వెళ్లాడు’ అంటే విజయవాడ చేరాడు. ‘పదో తరగతి వరకు చదివింది’ అంటే పదో తరగతి చదివింది. ఏలూరు దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాణ్ణి విజయవాడ వరకు వెళ్లాడని ఎవరూ అనరు. ఆంగ్లంలో దీనికి సమానంగా వాడే మాట కేవలం పైహద్దును సూచిస్తుంది. ఆ హద్దు లోపల ఎంతైనా కావచ్చు. తెలుగు ‘వరకు’కు ఆ అర్థం రావాలంటే ‘రావచ్చు’, ‘ఉండవచ్చు’ వంటి సంభావనార్థక క్రియ తప్పనిసరి. ధరపట్టికలో ఆ క్రియనే తీసేశారు. దానితో చదివేవారు తమ భాషా సంప్రదాయం ప్రకారం ‘వస్తుంది’ అని పూరించుకుంటారు. కంపెనీ తన న్యాయ విభాగం ప్రకారం ‘రావచ్చు’ అని పూరించుకుంటుంది. ఒకే వాక్యం, రెండు అధ్యాహారాలు. వివాదం వచ్చినప్పుడు ఏ అధ్యాహారం చెల్లుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ చిక్కు తెలుగుకే పరిమితం కాదు. బ్రిటన్‌లో 2018 మే వరకు అమలులో ఉన్న ప్రకటనల నియమం ప్రకారం చందాదారులలో పది శాతం మందికి అందే వేగాన్ని ‘ఇంతవరకు’ అని ప్రకటించవచ్చు. అంటే తొంభై శాతం మందికి అందకపోయినా ఆ ప్రకటన సత్యమే. 2018 మే 23 నుంచి ఆ నియమం మారింది. రాత్రి 8 గంటల నుంచి 10 గంటల మధ్య, అంటే వాడకం అత్యధికంగా ఉండే వేళ, కనీసం సగం మంది చందాదారులకు అందే వేగాన్నే సగటు వేగంగా ప్రకటించాలి. మార్పు చిన్నదిగా కనిపిస్తుంది. కాని పాత వాక్యంలో లేని కాలం, సంఖ్య కొత్త వాక్యంలోకి వచ్చాయి: ఎప్పుడు, ఎంతమందికి. అమెరికాలో 2024 ఏప్రిల్ నుంచి పెద్ద సంస్థలు ప్రతి ప్లాన్‌కూ ఒక సమాచార పత్రం చూపాలి. ఆహార పొట్లాల మీది పోషక వివరాల పట్టీ దానికి నమూనా. నెల ధర, ఒకసారి కట్టే రుసుములు, సాధారణంగా అందే డౌన్‌లోడ్ వేగం, అప్‌లోడ్ వేగం, ఆలస్యం, డేటా పరిమితి అందులో ఉండాలి.

మన నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ విషయంలో ఏమీ చేయలేదనడం అన్యాయం. 2012లో సముచిత వినియోగ విధానం పేరిట పెట్టే పరిమితుల గురించి చందాదారునికి స్పష్టంగా చెప్పాలని ఆదేశించింది. 2016 అక్టోబరులో, పరిమితి దాటిన తరువాత కూడా తీగ సేవలో వేగం 512 కేబీపీఎస్ కన్నా తగ్గరాదని నిర్దేశించింది. ఆనాటి బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం కూడా అదే అంకె కావడం వల్ల ఆ ఆదేశానికి ఒక తర్కం ఉంది: బ్రాడ్‌బ్యాండ్ పేరుతో అమ్మినది చివరిదాకా బ్రాడ్‌బ్యాండ్‌గానే ఉండాలి. 2023లో నిర్వచనం 2 ఎంబీపీఎస్ అయిన తరువాత ఆ తర్కాన్ని అనుసరిస్తే, పరిమితి దాటాక 1 ఎంబీపీఎస్ ఇచ్చే ఏ ప్లాన్ అయినా ఆ క్షణం నుంచి బ్రాడ్‌బ్యాండ్ కాదు. చందా మాత్రం బ్రాడ్‌బ్యాండ్ చందాయే.

5. ఒకే తీగ, అనేక ధరలు:

వేగశ్రేణులను సమర్థించేవారు సాధారణంగా రహదారి ఉపమానం తెస్తారు. ఎక్కువ వేగం కావాలంటే వెడల్పైన రోడ్డు కావాలి, వెడల్పైన రోడ్డుకు ఖర్చు ఎక్కువ అని. రాగి తీగల కాలంలో ఈ ఉపమానానికి కొంత బలముండేది. ఎక్స్ఛేంజికి ఇల్లు ఎంత దూరమో, తీగ ఎంత పాతదో అన్న వాటిని బట్టి వేగం నిజంగానే మారేది. గాజు తీగ వచ్చాక ఆ ఉపమానం చెల్లదు. మన పట్టణాలలో ఇళ్లకు వచ్చే ఫైబర్ సేవలలో విరివిగా వాడే ‘జీపాన్’ పద్ధతిలో ఒక తీగ సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లను మోస్తుంది. వీధి చివర ఒక స్ప్లిటర్ దానిని 32 లేదా 64 ఇళ్లకు పంచుతుంది. 30 ఎంబీపీఎస్ చందాదారుని ఇంటికీ, 300 ఎంబీపీఎస్ చందాదారుని ఇంటికీ వచ్చేది ఒకే రకం తీగ, చాలాసార్లు ఒకే స్ప్లిటర్ నుంచి, ఒకే రకం పెట్టెలోకి. తేడా ఎక్స్ఛేంజిలోని యంత్రంలో నమోదు చేసిన ఒక అంకె. అంచె మారాలంటే స్తంభం ఎక్కవలసిన పని లేదు.

అంతమాత్రాన పై అంచెకు ఖర్చే లేదని కాదు. అందరూ ఒకేసారి పూర్తి వేగం కోరితే పంపకం చాలదు. 2.5 గిగాబిట్లను 64 ఇళ్లకు సమంగా పంచితే ఇంటికి సుమారు 39 ఎంబీపీఎస్ వస్తుంది. అందుకే ఈ వ్యాపారమంతా ‘అందరూ ఒకేసారి వాడరు’ అన్న అంచనా మీద నడుస్తుంది. 2009లో ట్రాయ్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గృహ చందాదారుల విషయంలో ఒకే సామర్థ్యాన్ని యాభై మంది దాకా పంచుకోవచ్చు. వ్యాపార చందాదారుల విషయంలో ముప్పై మంది. ఈ నిష్పత్తి చందాదారునికి ఎంతో ముఖ్యమైన సమాచారం. రాత్రి తొమ్మిది గంటలకు తరగతి వీడియో ఎందుకు ఆగుతోందో చెప్పేది అదే. ధరపట్టికలో మాత్రం దానికి గడి ఉండదు. అప్‌లోడ్ వేగానికి కూడా చాలా పట్టికలలో గడి లేదు. అధ్యాపకుడు ఇంటి నుంచి పాఠం చెప్పేటప్పుడు అతనికి కావలసింది అదే అయినా.

ఇక్కడ తేలేది ఇది. తీగ వేయడం, స్తంభాల అద్దె, పెట్టె, మరమ్మతు మనిషి జీతం వంటి ఖర్చులు అన్ని ఇళ్లకూ దాదాపు సమానం. ఆ ఖర్చును ఎవరి నుంచి ఎంత రాబట్టాలన్నది వ్యాపార నిర్ణయం. కింది అంచెలో ఒక్కొక్క ఎంబీపీఎస్ ధర ఎక్కువగా కనిపించడానికి కారణం ఈ స్థిరమైన ఖర్చేనని కంపెనీలు చెప్పవచ్చు. ఆ మాట ఒప్పుకుంటే, ధర వేగాన్ని బట్టి ఏర్పడుతుందన్న పట్టిక మూల సూత్రాన్ని కంపెనీలే వదులుకున్నట్టు. రెండు వాదనలూ ఒకేసారి నిలవవు.

6. అట్టడుగు అంచె:

‘భరించగలిగే ధర’ను అంతర్జాతీయంగా కొలిచే పద్ధతి ఒకటి ఉంది. ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2018లో పెట్టిన లక్ష్యం ప్రకారం ప్రాథమిక స్థాయి బ్రాడ్‌బ్యాండ్ ధర, 2025 నాటికి, తలసరి నెలసరి జాతీయాదాయంలో రెండు శాతం మించకూడదు. సగటు మీద కట్టిన కొలత ఇది. సగటుకు దిగువన ఉన్న ఇల్లు ఇందులో కనబడదు.

వినియోగ వ్యయ సర్వే 2022–23 ప్రకారం గ్రామీణ ఆంధ్రప్రదేశ్‌లో తలసరి నెలసరి వ్యయం 4,870 రూపాయలు. గ్రామీణ తెలంగాణలో 4,802 రూపాయలు. నలుగురున్న కుటుంబం అనుకుంటే నెలకు సుమారు 19,000 రూపాయలు. 399 రూపాయల ప్లాన్‌కు 18 శాతం జీఎస్టీ కలిపితే 470 రూపాయల 82 పైసలు. (పట్టికలో పెద్ద అక్షరాలలో ఉండేది 399; పన్ను నక్షత్రం గుర్తు కింద ఉంటుంది.) సగటు కుటుంబానికి ఇది నెల ఖర్చులో దాదాపు రెండున్నర శాతం. దేశంలోని గ్రామీణ జనాభాలో అట్టడుగు అయిదు శాతం మంది తలసరి వ్యయం 1,373 రూపాయలు. ఆ స్థాయిలోని నలుగురున్న కుటుంబానికి అదే బిల్లు ఎనిమిదిన్నర శాతం అవుతుంది. ఆదాయానికీ వ్యయానికీ తేడా ఉంది కనుక ఈ శాతాలను కమిషన్ లక్ష్యంతో నేరుగా పోల్చరాదు. సగటు ఎంత దాస్తుందో చూపడానికి ఇవి చాలు.

మరొక భారం శాతాలలో కనిపించదు. ఇన్‌స్టలేషన్ రుసుము లేకుండా, రౌటర్ ఉచితంగా కావాలంటే ఆరు నెలలో సంవత్సరమో చందా ఒకేసారి కట్టమనడం ఈ వ్యాపారంలో మామూలు. ఆరు నెలలకు 2,825 రూపాయలు. 2024–25లో ఉపాధి హామీ పథకం కింద రెండు తెలుగు రాష్ట్రాలలోనూ దినసరి వేతనం 300 రూపాయలు. అంటే తొమ్మిదిన్నర పనిదినాల కూలిని ముందుగా జమ చేయాలి. నెలకు ఒకటిన్నర రోజు కూలి ఇవ్వగలిగిన ఇల్లు కూడా తొమ్మిదిన్నర రోజుల కూలి ఒకేసారి ఇవ్వలేదు. ధర తగ్గినా సేవ అందకపోవడానికి ఇది ఒక ప్రధాన కారణమని నా అభిప్రాయం. వేగాన్ని ఇన్ని అంచెలుగా విడగొట్టిన పట్టిక చెల్లింపును మాత్రం విడగొట్టదు. వారానికి ఇంత, పదిహేను రోజులకు ఇంత అన్న అంచె అరుదు.

ఇంతకూ ఎంత వేగం అవసరం? ఒక వీడియో తరగతికి 2 నుంచి 4 ఎంబీపీఎస్ చాలు. ఇంట్లో ఇద్దరు పిల్లలు తరగతులలో ఉండి, ముందుగదిలో ఒకరు సినిమా చూస్తున్నా 15 ఎంబీపీఎస్ నిలకడగా అందితే సరిపోతుంది. పట్టికలోని అట్టడుగు 30 ఎంబీపీఎస్ నిజంగా అందితే సగటు కుటుంబానికి అంతకు మించి కావలసింది తక్కువ. కనుక విధానపరంగా పట్టించుకోవలసినవి రెండే: ఆ కింది అంచె మాట నిలబెట్టుకుంటుందా, దానిని పేద ఇల్లు కొనగలదా. 300, 500, 1000 అన్న అంకెలపై సాగే పోటీ పత్రికలకు వార్త కావచ్చు, అధిక భాగం ఇళ్లకు దానితో పని లేదు.

7. ఇంటి తీగ, జేబులోని ఫోను:

2024 చివరినాటికి దేశంలో తీగ బ్రాడ్‌బ్యాండ్ చందాలు నాలుగు కోట్ల పైచిలుకు. తీగలేని బ్రాడ్‌బ్యాండ్ చందాలు తొంభై కోట్లు దాటాయి. మొబైల్ డేటా చౌక కనుక తీగ అక్కరలేదన్నది దీనికి సాధారణంగా చెప్పే వివరణ. లెక్క వేస్తే అది నిలవదు. 2024 జులై ధరల పెంపు తరువాత రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల జియో రీచార్జి 299 రూపాయలు. ఇంట్లో మూడు ఫోన్లుంటే 897 రూపాయలు, మొత్తం 126 జీబీ. పన్నుతో సహా 471 రూపాయల తీగ సేవ దానిలో దాదాపు సగం ధరకు ఎన్నో రెట్లు ఎక్కువ డేటా ఇస్తుంది. ఫోన్లకు రీచార్జి ఎలాగూ తప్పదు కాబట్టి తీగ అదనపు ఖర్చేనన్న అభ్యంతరం న్యాయమైనదే. అయినా కుటుంబం మొత్తం దృష్ట్యా తీగే చౌక. కాని ఫోను రీచార్జికి తీగకు లేని గుణం ఉంది. డబ్బు లేని వారం దానిని ఆపుకోవచ్చు. వలస పోతే వెంట తీసుకుపోవచ్చు. ఇల్లు మారినా, అద్దె ఇంటి యజమాని గోడకు రంధ్రం వేయనివ్వకపోయినా అది పనిచేస్తుంది. పాలమూరు నుంచి ముంబయికో, ఉత్తరాంధ్ర నుంచి చెన్నైకో ఏటా పనికి వెళ్లే కుటుంబానికి ఆరు నెలల ముందస్తు చందా ఏ వేగంలో ఇచ్చినా నిరుపయోగమే.

అయితే ఫోను ఒక మనిషిది, తీగ ఒక ఇంటిది. ఈ తేడా ధర కన్నా లోతైనది. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా అంతర్జాలం వాడినవారు 21 శాతం, పురుషులలో 48.8 శాతం. తెలంగాణలో స్త్రీలు 26.5 శాతం, పురుషులు 57.4 శాతం. స్త్రీల విషయంలో రెండు రాష్ట్రాలూ జాతీయ సగటు 33.3 శాతం కన్నా దిగువన ఉన్నాయి. ఇళ్లలో డేటా ఉన్న ఫోను చాలామటుకు మగవారితో పాటు ఉదయమే బయటికి వెళ్లిపోతుంది. ఇంటి గోడకు బిగించిన రౌటర్ ఎక్కడికీ పోదు. దానితో పాటు ఇంట్లో ఒక పరికరం కూడా మిగిలితేనే ప్రయోజనం అన్న మాట నిజమే. అయినా గృహిణికి, ఇంటర్ చదివే ఆడపిల్లకు, ఉద్యోగం మానేసి పరిశోధన కొనసాగిస్తున్న తల్లికి తీగ సేవ చేయగలిగిన మేలు ఫోను చేయలేదు. ఏ ధరపట్టికా, నేను చూసినంతలో ఏ ప్రభుత్వ విధాన పత్రమూ, కింది అంచెను ఈ కోణంలో చూడలేదు.

8. ప్రభుత్వాల పట్టికలు:

ఈ నేపథ్యంలో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను తిరిగి చదవాలి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని జాతికి అంకితం చేశారు. భూమి తవ్వకుండా విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగడం, ఊళ్లోని కేబుల్ ఆపరేటర్ ద్వారానే ఇంటికి చేర్చడం దానిలోని తెలివైన అంశాలు. నెలకు 149 రూపాయలకు టీవీ, టెలిఫోన్, 15 ఎంబీపీఎస్ అంతర్జాలం అన్నది నాటి ప్రకటన. దాని వాక్యనిర్మాణం ప్రత్యేకమైనది. ప్రైవేటు పట్టికలు వేగాన్ని ముందు చెప్పి ధరను వెంట తెస్తాయి. ఇక్కడ ధర ముందు వచ్చింది, వేగం వెనుక వచ్చింది. జనం కూడా దానిని వేగంతో కాక ‘149 కనెక్షన్’గానే గుర్తుపెట్టుకున్నారు. ఒక కుటుంబం ఎంత కట్టగలదన్న ప్రశ్న నుంచి మొదలైన పట్టిక మన ప్రాంతంలో అదొక్కటే అని చెప్పవచ్చు. తరువాతి కాలంలో ఆ ధర నిలవలేదు, సంస్థ రాజకీయ వివాదాలలో చిక్కుకుంది. ఆ చరిత్ర వేరే వ్యాసానికి తగిన విషయం. పథకం తడబడింది కనుక అది అడిగిన ప్రశ్న కూడా తప్పని తీర్మానించడం మాత్రం సరికాదు.

తెలంగాణ టీ-ఫైబర్ మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కందకాలలోనే ఫైబర్ గొట్టాలను వేసింది. తీగను నీటితో పాటు పూడ్చిన ఈ ప్రయోగంలో ఒక ఆలోచన నిగూఢంగా ఉంది: ఇంటికి అంతర్జాలం నీటి వంటిదని. ఆ ఆలోచన ధర నిర్ణయంలోకి కూడా రావాలి. కేరళ ప్రభుత్వం 2023 జూన్ 5న ప్రారంభించిన కేఫోన్ ఈ విషయంలో మరొక అడుగు వేసింది. దారిద్ర్యరేఖకు దిగువనున్న ఇరవై లక్షల కుటుంబాలకు ఉచితంగా ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. తొలి దశలో తీసుకున్నది నియోజకవర్గానికి వంద చొప్పున పద్నాలుగు వేల కుటుంబాలను మాత్రమే. చెల్లించగలిగేవారికి 20 ఎంబీపీఎస్ 299 రూపాయలు. ఇరవై లక్షలకూ పద్నాలుగు వేలకూ మధ్య దూరం చిన్నది కాదు. కాని పట్టికలో అట్టడుగు అంచె సున్నా రూపాయల దగ్గర మొదలుకావచ్చని ఒక ప్రభుత్వం కాగితం మీద రాసింది.

రెండు తెలుగు రాష్ట్రాల సంస్థలూ ఖర్చు లేకుండా వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. తమ ధరపట్టికను తెలుగులో, క్రియతో సహా రాయడం. నమూనాగా ఇలా ఉండవచ్చు: “రాత్రి 8 నుంచి 10 గంటల మధ్య మా చందాదారులలో సగం మందికి కనీసం ఇంత వేగం అందుతుంది. పంపేటప్పుడు ఇంత వేగం ఉంటుంది. ఇంత డేటా దాటితే వేగం ఇంతకు తగ్గుతుంది. పన్నుతో కలిపి మీరు నెలకు ఇంత కడతారు. ఒక్క నెలకే కట్టినా ఇన్‌స్టలేషన్‌కు వేరే డబ్బు తీసుకోము.” ఈ అయిదు వాక్యాలలో ‘వరకు’ అన్న మాట రాదు. ఖాళీలు నింపడానికి కావలసిన అంకెలన్నీ ఎక్స్ఛేంజిలోని యంత్రాల దగ్గర ఇప్పటికే ఉన్నాయి.